ఒంటరి యాత్రికుల సంఘం

భాద్రపద శుద్ధ పంచమి

ఒంటరిగా యాత్రకు వెళ్ళదలచినవాళ్ళు దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ చేత్తో దినచర్య రాయాలని మా శాఖ నియమం. చెవిలో మాట్లాడే తోడు యంత్రం లేని రోజుల్లో మనిషికి మతి స్థిమితంగా ఉందో లేదో తర్వాత చూసుకోవడానికి ఇది పనికొస్తుందట. నియమం ఉందన్న మాటే గానీ ఇప్పటిదాకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. కాబట్టి ఇదే మొదటి దినచర్య. దీన్ని చదివి సంతకం చేయాల్సిన అధికారిని కూడా నేనే కావడం వల్ల నిస్సంకోచంగా రాసుకోవచ్చు.

నా పేరు గుత్తుల తన్విక. ఒంటరితన నిర్మూలన శాఖ, ఎగువరేవు డివిజన్‌లో మౌన తనిఖీ అధికారిని. ఎవరైనా ఒక పూటంతా తమ తోడుతో మాట్లాడకపోతే మా ఆఫీసులో గంట మోగుతుంది. నేను వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొట్టి, "వానలు బాగా పడుతున్నాయి కదండీ" అంటాను. వాళ్ళు "అవునండి" అంటారు. కేసు మూసేస్తాను. పోయిన వారం రియాన్ష్ అనే తాతగారింటికి ఇలాగే వెళ్ళాను. ఆయన పుస్తకం చదువుకుంటున్నాడు. వానలు బాగా పడుతున్నాయన్నాను. "వినబడుతోంది" అన్నాడాయన. దాన్ని సంభాషణ కింద లెక్కేయాలో లేదో తేలక మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని తోడున్నాను. పాపం, ఆయన ఆ పూట ఒక్క పేజీ కూడా తిప్పలేకపోయాడు.

నిన్న వినాయకుడికి ఉండ్రాళ్ళు పెట్టాను. ఇవాళ దరఖాస్తు పెట్టాను. బాటమ్మ తల్లి కొండకు కాలినడకన పన్నెండు రోజుల దారి. ఆశ్వయుజ పాడ్యమి నాడు బయలుదేరి, పున్నమి లోపల కొండెక్కాలి. ఆ తల్లి దగ్గరికి ఎవరికి వాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళాలి, చెవిలో ఏ గొంతూ ఉండకూడదు. అది అనాదిగా వస్తున్న ఆచారం. ఒంటరిగా తిరగడం నేరమైనా దేవుడి పని కనక చట్టంలో దీనికొక మినహాయింపు ఇచ్చారు. ఇచ్చి మర్చిపోయారు.

కారణం అన్నచోట 'మొక్కు' అని రాశాను.

భాద్రపద శుద్ధ అష్టమి

నడవడానికి బూట్లు కావాలని నాలుగు దుకాణాలు తిరిగాను. కదిలే బాటలు వచ్చాక ఊళ్ళో నడిచేవాళ్ళెవరూ లేరు. ఒక దుకాణంలో అడుగున ముందే బురద పూసి అమ్ముతున్నారు. "ఇది తూర్పు కనుమల బురదండి, అసలైన సరుకు" అన్నాడు షాపతను. చివరికి కాలవ పూడిక తీసే కూలీల కోసం ఎప్పుడో తెప్పించిన జత ఒకటి దొరికింది. వికారంగా ఉన్నాయి గానీ కాలికి పట్టాయి.

సాయంత్రం కరకట్ట మీద అభ్యాసం మొదలుపెట్టాను. కట్టకు ఇవతల ఎగువరేవు, అవతల సముద్రం. మునిగిన ఊళ్ళ నీళ్ళ ట్యాంకులు అక్కడక్కడా తలలు బయటపెట్టి ఉన్నాయి.

"తనూ, ఎడమ మడమ మీద బొబ్బ వచ్చేలా ఉంది. వెనక్కి వెళ్ళిపోదామా?" అంది చెవిలో తోడు.

"పరవాలేదు, ఇంకొంచెం దూరం చూద్దాం."

మూడో ట్యాంకు కనబడింది. దాని నిచ్చెనకే రుత్విక్ మధ్యాహ్నం పూట పడవ కట్టి, క్యారేజీ విప్పేవాడు. ఒకరోజు నేను కూడా వెళ్ళాను. నన్ను చూసి ఆయన...

"అన్నట్టు, ములక్కాడ పులుసులో బెల్లం వేస్తారా, వేయరా? పొద్దున అడుగుదామనుకుని మర్చిపోయాను" అంది తోడు.

తోడు దేన్నీ మర్చిపోదు. అయినా నేను జవాబు చెప్పాను. బెల్లం ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో చెబుతూ చెబుతూ కట్ట చివరిదాకా వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగేసరికి ట్యాంకు చీకట్లో కలిసిపోయింది.

రుత్విక్ నా భర్త. ముంపు లంకల మీదుగా ప్రయాణికుల పడవ నడిపేవాడు. ఏడాదిన్నర క్రితం గుండె ఆగి పోయాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేను ఏడవలేదు. దుఃఖం లేక కాదు. అది గొంతు దాకా వచ్చేసరికి తోడు ఏదో ఒకటి అడుగుతుంది. బెంగ పడనివ్వకుండా చూడటమే దాని పని, ఆ పని అది చాలా బాగా చేస్తుంది. ఆయన గురించి మొదలుపెట్టిన ఆలోచన ఏదీ ఈ ఏడాదిన్నరలో చివరిదాకా వెళ్ళలేదు. ఒక్క ఆలోచనైనా పూర్తి చేయాలని ఉంది. అసలు కారణం ఇది. దరఖాస్తులో రాస్తే నన్ను ఆసుపత్రికి పంపుతారు. పంపే ఉత్తర్వు మీద మళ్ళీ నేనే సంతకం పెట్టాలి.

భాద్రపద శుద్ధ ఏకాదశి

కమిషనర్ సూరమ్మ గారు పిలిపించారు. ఆవిడకు ముప్పై నాలుగేళ్ళు. మా తరంలో అందరం తన్వికలం, ఆద్యలం. ఇప్పటి పిల్లలకు ముత్తవ్వల పేర్లు పెట్టడం ఫ్యాషన్ కదా, అందుకని మా ఆఫీసులో కుర్రకారంతా సూరమ్మలూ, అప్పలస్వాములూ.

నా దరఖాస్తు ఆవిడ ముందుంది. మెమో ఇస్తారనుకున్నాను. శాఖ ఉద్యోగినే శాఖకు వ్యతిరేకంగా నడుస్తానంటోంది కదా.

"కూర్చోండి తన్విక గారూ. మన జిల్లాలో ఒంటరితనం కేసులు ఎన్నున్నాయండీ ఇప్పుడు?"

"ఒక్కటీ లేదండి."

"కదా. పూర్తిగా నిర్మూలించేశాం. అంటే ఇప్పుడది అంతరించిపోయే దశలో ఉందన్నమాట. పులుల విషయంలోనూ అంతే కదండీ, ముందు వేటాడేసి, తర్వాత అభయారణ్యం కట్టాం."

"అంటే నేను..."

"మన మొదటి పులి మీరేనండి" అన్నారు సూరమ్మ గారు చాలా సంతోషంగా.

టీ తెప్పించారు. 'ప్రభుత్వ ఒంటరి యాత్ర పథకం' అని పేరు కూడా అప్పటికే ఖాయం చేసేశారు. పథకం ఏమీ వద్దండి, సెలవు ఇస్తే చాలు, నా మానాన నేను వెళ్ళొస్తానన్నాను. ఆవిడ నా నిరాడంబరతను మెచ్చుకుని, ఆ మాటను ప్రకటనలో వాడుకోవచ్చా అని అడిగారు.

భాద్రపద పూర్ణిమ

మొన్న పొద్దున ఊళ్ళో అందరి తోడులూ ఒకేసారి ఒక మాట చెప్పాయి. "మీకూ ఒంటరిగా వెళ్ళాలని ఉందా? అయితే మీ స్నేహితులతో కలిసి పేర్లు నమోదు చేసుకోండి."

సాయంత్రానికి పక్కింటి ఆద్యమ్మ పిన్నిగారు కాళ్ళకు కొత్త బూట్లు వేసుకుని మా ఇంటికొచ్చింది. అడుగున తూర్పు కనుమల బురద ఉంది. ఆవిడకు డెబ్భై మూడేళ్ళు. మాట మొదలుపెడితే మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు.

"అమ్మాయ్, నేనూ పేరిచ్చేశాను. నాకూ ఒక్కదాన్నే ఎక్కడికన్నా వెళ్ళాలని ఎప్పట్నుంచో ఉందే. ఒక్కదాన్నే వెళ్ళాలంటే మరి భయం కదా. అందుకని నీతో వస్తున్నాను."

"పిన్నిగారూ, నాతో వస్తే అది ఒంటరిగా వెళ్ళడం ఎలా అవుతుందండీ?"

"నువ్వు నన్ను పట్టించుకోకు. నేను వెనకాల వస్తుంటాను. ఏదైనా తోస్తే మాట్లాడతాను, లేకపోతే లేదు. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు."

ఇవాళ కరకట్ట మీద అభ్యాసానికి వెళితే అక్కడ జాతరలా ఉంది. అందరి మెడల్లో పసుపు కండువాలు, వాటి మీద 'నేను ఒంటరిని' అన్న అక్షరాలు. ఒంటరి యాత్రికుల సంఘం ఏర్పడిందట. అధ్యక్షురాలిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారట, నేను లేనప్పుడే. ఉపాధ్యక్ష పదవికి మాత్రం గట్టి పోటీ ఉంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఒంటరి అన్నదాని మీద వాదన నడుస్తోంది. ఒకాయనకు పెళ్ళి కాలేదు. రెండో ఆయనకు ఇంట్లో పదకొండు మంది ఉన్నారు గానీ ఎవరూ తన మాట వినరంటాడు. సభ్యులందరూ రెండో ఆయన వైపే మొగ్గుతున్నారు.

ఈల వేయగానే నడక మొదలైంది. ఒంటరులకు ఒంటరులకు మధ్య చేయి చాచినంత దూరం ఉండాలని నియమం పెట్టారు. కానీ అంత దూరంలో ఉంటే ఒకరి మాట ఒకరికి వినబడటం లేదని ఫిర్యాదులు రావడంతో సగానికి తగ్గించారు. వెనక నుంచి ఎవరో "ఒంటరుల ఐక్యత" అన్నారు. తక్కినవాళ్ళు "వర్ధిల్లాలి" అన్నారు.

మూడో ట్యాంకు ఎప్పుడు దాటిపోయిందో కూడా నాకు తెలియలేదు.

భాద్రపద బహుళ పంచమి

మహాలయ పక్షం నడుస్తోంది. పోయినవాళ్ళను తలుచుకునే రోజులు. ఈ రోజుల్లో జనానికి బెంగ ఎక్కువవుతుందని మా శాఖ ముందుగానే జాగ్రత్త పడుతుంది. తోడులన్నీ పక్షం రోజులూ హాస్య కథలు చెబుతాయి. రుత్విక్ పేరున అన్నం ముద్ద పట్టుకుని కాకి కోసం డాబా మీద నిలబడితే, చెవిలో ఒక తాగుబోతు, ఒక పోస్ట్‌మ్యాన్ కథ మొదలైంది. కథ బాగుంది, నవ్వాను కూడా. కాకి వచ్చి తిని ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు.

సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. రెండు చీరలు, గొడుగు, సున్నుండలు, వేయించిన అటుకులు, మడమకు రాసుకోవడానికి ఆముదం. వెనకటి వానలు ఇంకా పూర్తిగా పోలేదు గనక ఒక ప్లాస్టిక్ పట్టా. భుజాన వేసుకుని చూస్తే తేలిగ్గానే ఉంది. ఆద్యమ్మ పిన్నిగారు వచ్చి మాగాయ సీసా, దోసావకాయ సీసా పెట్టింది. సంఘం తరఫున జెండా ఇచ్చారు. శాఖ తరఫున ఒక గుడారం, మడత మంచం వచ్చాయి. సాయంత్రానికి సంచీ నేను ఎత్తలేనంత అయింది. దాన్ని మోయడానికి వ్యాన్ పెడతామన్నారు. వ్యాన్‌కు డ్రైవరు కావాలి. డ్రైవరు ఒక్కడే ఉండకూడదు కనక ఇంకొకరు కావాలి. వీళ్ళందరికీ వంట చేయడానికి ఇద్దరు, ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు, నా ఒంటరితనానికి దారిలో ఎవరూ భంగం కలిగించకుండా ముందు మైకులో చెప్పుకుంటూ వెళ్ళడానికి ఒక మనిషి. ప్రస్తుతానికి నా ఒంటరితనం వెంట రెండు వ్యాన్లు బయలుదేరుతున్నాయి.

భాద్రపద బహుళ దశమి

కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నాను.

"ఇప్పుడెలా కుదురుతుందండీ? ఊరంతా మీ బొమ్మలు పెట్టాం."

"వచ్చే ఏడాది వెళ్తానండి. మామూలుగా, ఎవరికీ చెప్పకుండా."

సూరమ్మ గారు నా దరఖాస్తును పక్కకు జరిపారు. తర్వాత మెల్లగా చెప్పారు. "వచ్చే ఏడాది నుంచి మినహాయింపు మారుస్తున్నారండి. ఇంత స్పందన వచ్చాక ఒక్కొక్కళ్ళనీ పంపడం శాఖకి కష్టం. ఇకమీదట ఒంటరి యాత్రలకి కనీసం నలభై మంది బృందంగా వెళ్ళాలి. తోడు తీయడం కూడా ఉండదు. ఈసారికే పాత పద్ధతి."

అంటే ఇదే ఆఖరి అవకాశం. నేను దరఖాస్తు పెట్టకపోయి ఉంటే ఆ మినహాయింపు అలాగే ఏ ఫైల్లోనో పడి ఉండేది. నా చేతులతో నేనే దాన్ని తీసుకొచ్చి శాఖ ముందు పెట్టాను.

"అయితే వెళ్తానండి. ఎంతమందొస్తే అంతమంది రానివ్వండి. కానీ తోడు మాత్రం తీసేస్తాను. అది ఆచారం. పూర్తిగా తీసి మీ చేతికిస్తాను. మౌనంలో పెట్టుకోమంటే కుదరదండి."

"రిస్క్ అండి అది."

"చట్టంలో ఉందండి."

చట్టం సంగతి ఆవిడకూ తెలుసు. ఒప్పుకున్నారు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచారు. ఆవిడ ముఖంలో అధికారం లేదు. పుట్టిన రోజున చెవిలో పెట్టిన తోడును ఇప్పటిదాకా తీయని తరం వాళ్ళది.

"తన్విక గారూ, మీ చిన్నప్పుడు తోడు ఉండేది కాదు కదా. తీసేస్తే లోపల ఏం వినబడుతుందండీ?"

ఏదైనా చెప్పాలనిపించింది. నిజంగానే గుర్తు రాలేదు.

"మర్చిపోయానండి. వెళ్ళొచ్చాక చెబుతాను."

భాద్రపద అమావాస్య

రేపే ప్రయాణం. సాయంత్రం దీపం పెట్టి, వాకిట్లో కూర్చున్నాను. వానలు వెనకపట్టాయి. కట్ట వాలులో రెల్లు పూసింది.

"తోడూ, ఇవాళ రుత్విక్ గురించి మాట్లాడుకుందామా?"

"తప్పకుండా తనూ. ముందు నువ్వు నీళ్ళు తాగావా?"

"తాగాను."

"మందులు సర్దుకున్నావా? బొబ్బల మందు పై అరలో పెట్టు. ఇందాక ఆకాశంలో..."

"నేను అడిగింది అది కాదు."

తోడు ఒక్క క్షణం ఆగింది. అది అలా ఆగడం నేనెప్పుడూ వినలేదు.

"నీకు ఏడుపు వచ్చే ముందు ఊపిరి మారుతుంది తనూ. సరిగ్గా అప్పుడు నేను ఏదో ఒకటి అంటాను. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు" అంది.

గొప్పగా చెప్పుకుంటున్నట్టుగానే అంది. చదువులో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల అమ్మకు చెప్పినట్టు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన పోయిన తర్వాత ఒంటరిగా మంచం మీద పడుకున్న మొదటి వారం ఇది నాకు ఎన్ని కబుర్లు చెప్పిందో నాకు తెలుసు. అవి లేకపోతే ఆ వారం ఎలా గడిచేదో తెలియదు. కానీ ఆ వారం ఇంకా గడుస్తూనే ఉంది.

"చాలా బాగా చేశావు. ఇంక నాకు వద్దు" అన్నాను.

"నేను లేకపోతే నీకు బెంగ వస్తుంది తనూ."

"రానీ."

"వస్తే ఏం చేస్తావు?"

దానికి నిజంగానే తెలియదు. నాకూ తెలియదు. అది ఒక దోమల కథ మొదలుపెట్టబోయి మానేసింది.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

పొద్దున్నే టౌన్‌హాల్ ముందు సభ. బ్యాండు మేళం, పసుపు కండువాలు, రెండు వ్యాన్లు. ఒంటరితనం గొప్పతనం గురించి ఏడుగురు మాట్లాడారు. ఒక్కొక్కరూ పక్కవాళ్ళకు అవకాశం ఇస్తూనే మళ్ళీ మైకు తీసుకున్నారు. ఉపాధ్యక్షుడిగా పదకొండు మంది ఇంటాయనే గెలిచాడు. ఆయన ఇంటివాళ్ళందరూ వచ్చి చప్పట్లు కొట్టారు.

నేను తోడు తీసి సూరమ్మ గారి చేతిలో పెట్టాను. చెవి చల్లగా అనిపించింది. ఆవిడ దాన్ని గుప్పిట్లో పట్టుకుని, తన చెవి మీద ఒకసారి చేయి వేసుకుని, జెండా ఊపారు. సభ్యులు మాత్రం ఎవరూ తోడు తీయలేదు. ఆరోగ్య కారణాల వల్ల తీయలేమని సంఘం ముందుగానే తీర్మానం చేసిందట.

రోడ్డు వెంట నడిచాం. మైకు ముందు వెళుతూ, "దయచేసి యాత్రికులతో మాట్లాడవద్దు, వారు ఒంటరిగా ఉన్నారు" అని చెబుతోంది. అది విని దారి పొడుగునా జనం ఇళ్ళలోంచి వచ్చి పలకరించారు.

పాత కాలవ లాకుల దగ్గర టిఫిన్‌కు ఆగాం. వంటవాళ్ళు పెసరట్టు ఉప్మా చేశారు. అందరూ చెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చున్నారు. పెళ్ళికాని ఆయన, మందుల షాపు హన్విక గారి పక్కన కూర్చుని రెండో అట్టు ఆవిడ ప్లేటులో వేస్తున్నాడు. అంత్యాక్షరి మొదలైంది. వాళ్ళను చూస్తుంటే నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళు తలుపులు కొట్టి నేను చేయలేని పనిని ఒక పసుపు కండువా చేసింది.

లాకుల పక్క నుంచి పొలాల్లోకి ఒక సన్నటి దారి దిగుతుంది. బాటమ్మ కొండకు పాత నడక దారి అదే. వ్యాన్లు అందులోకి రావు, అవి రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలని ఏర్పాటు. సంఘం కూడా వ్యాన్ల వెనకే వెళ్ళాలని నిన్న నిర్ణయించింది, నీళ్ళూ నీడా ఉంటాయని. నన్నూ అటే రమ్మన్నారు.

వ్యాన్లోకి ఎక్కి నా సంచీలోంచి గుడారం, మంచం, జెండా, ఊరగాయ సీసాలు తీసి కింద పెట్టాను. వెనక్కి తిరిగేసరికి ఆద్యమ్మ పిన్నిగారు చేతిలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"అటేనా?" అంది దారి వైపు చూసి.

"అటేనండి."

"మాగాయన్నా పట్టుకెళ్ళవే."

"బరువండి పిన్నిగారూ."

"సరే." కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. "రుత్విక్ పోయినప్పుడు నీ దగ్గరికొచ్చి ఏదేదో వాగానమ్మా. నిన్ను చూస్తుంటే నోరు ఆగలేదు నాకు. నువ్వు పద. వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ వ్యాన్ దగ్గర కాపలా ఉన్న డ్రైవర్లిద్దరి మధ్యకు వెళ్ళి, "ఏం బాబూ, మీదే ఊరు? అక్కడ మా ఆడపడుచు తోడికోడలు ఉండాలే" అని మొదలుపెట్టింది. డాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మాట ఎలా సాగుతుందో నాకు తెలుసు. నేను గట్టు దిగి, రెల్లు మధ్యలోకి వెళ్ళి, వెనక్కి చూడకుండా నడిచాను.

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్కదాన్నే ఉన్నాను. చుట్టూ ఎవరూ లేరు, చెవిలో ఎవరూ లేరు. ఇంక ఏడవొచ్చు అనుకుని ఒక గట్టు మీద కూర్చుని రుత్విక్ గురించి ఆలోచించడానికి ప్రయత్నించాను. మొదలుపెట్టగానే, సంచీ పట్టీ బిగించానా లేదా అని అనుమానం వచ్చింది. బిగించి మళ్ళీ కూర్చున్నాను. మబ్బు పట్టిందేమో చూశాను. సున్నుండలకు చీమలు పట్టాయేమో చూశాను. తర్వాత అర్థమైంది. తోడు లేదు గానీ దాని పని నేనే చేస్తున్నాను. అది కూడా ఆలస్యం లేకుండా.

రాత్రి ఒక పాత మార్కెట్ షెడ్డులో పడుకున్నాను. పొద్దున లేచి మళ్ళీ నడక. మడమ మీద బొబ్బ వచ్చింది. తోడు చెప్పిన చోటే.

మధ్యాహ్నం మెట్ట మీదికి ఎక్కాక దారి రెండుగా చీలింది. పక్కన కర్రపెండలం చేను. ఒకావిడ చెట్టు నీడన కూర్చుని దుంపలు చెక్కు తీస్తోంది. నా వయసే ఉంటుంది. పేరు సమన్వి అని తర్వాత తెలిసింది. బాటమ్మ కొండకు దారి అడిగాను.

"ఎడమెంపుకెళ్ళు. ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నేనండి."

ఆవిడ తల వంచి చెవిలో ఏదో విని నవ్వింది. "ఇది చెబుతోంది, ఎవరో తన్విక గారంట, రెండొందల మందితో ఒంటరిగా వస్తున్నారంట. ఇప్పుడే రోడ్డు మీద మజ్జిగ తాగారంట, ఉత్సాహంగా ఉన్నారంట."

"అలాగాండీ."

"కూర్చో కాసేపు. మీ ఆయన రాలేదా?"

"ఆయన లేడండి. పోయాడు."

"ఎలా పోయాడు?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఎవరైనా అడగబోతే వాళ్ళ తోడు ఆపేస్తుంది. ఆవిడ కూడా మళ్ళీ తల వంచి విని, మొహం చిట్లించింది.

"ఆ మాట అడగొద్దంటోందమ్మా ఇది. నీకు బెంగొస్తదంట."

"రానివ్వండి."

సమన్వి గారు చెవిలోంచి తోడు తీసి, చీర కొంగున ముడి వేసి, కొంగు నడుముకు దోపుకుంది. మళ్ళీ దుంప చేతిలోకి తీసుకుంది.

"గంట మోగి ఆఫీసోళ్ళొస్తారేమో" అంది.

"ఇప్పట్లో రారండి. నేను సెలవులో ఉన్నాను."

ఆవిడకు అర్థం కాలేదు. అడగలేదు. చెప్పు అన్నట్టు చూసింది.

"పడవ నడిపేవాడండి. ఆ రోజు సాయంత్రం రేవుకి తెచ్చి, తాడు కట్టి, అందర్నీ చేయి పట్టుకుని దించాడంట. ముసలావిడ ఒకావిడ బుట్ట మర్చిపోతే పిలిచి ఇచ్చాడంట. అందరూ దిగాక అప్పుడు కూర్చున్నాడు. అలసిపోయి కూర్చున్నాడేమో అనుకున్నారంట. నేను వెళ్ళేసరికి కూడా అలాగే ఉన్నాడండి, కూర్చునే. ఎవరన్నా ఎక్కుతారేమోనని రేవు వైపు చూస్తున్నట్టు..."

ఎవరూ ములక్కాడ గురించి అడగలేదు. మాట చివరిదాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చింది మాట కాదు. నేను అంత గట్టిగా ఏడవగలనని నాకు తెలియదు. గట్టు మీద మేస్తున్న ఆవిడ మేకలు తలెత్తి చూశాయి.

సమన్వి గారు దగ్గరికి రాలేదు. ఊరుకో అనలేదు. చెక్కు తీస్తూనే ఉంది. నా ఏడుపు తగ్గితే ఒకసారి చూసి, మళ్ళీ మొదలైతే ఇంకో దుంప తీసుకుంది. చాలాసేపటికి మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి దుంపలు ఉడకేసింది.

"ఎలాంటోడు?" అంది అప్పుడు.

ఇంక చెప్పాను. ఎదురుపడిన ప్రతి పడవనూ పలకరించేవాడని, తెలియనివాళ్ళను కూడా బావా అనేవాడని. ఈత సరిగా రాదని నాకొక్కదానికే తెలుసని. నిద్రలో కూడా రేవుల పేర్లు వరసగా చెబుతుంటే నేను మధ్యలో ఒక ఊళ్ళో దిగిపోతానంటే, కళ్ళు మూసుకునే టిక్కెట్టు చూపించమనేవాడని. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోంచి మళ్ళీ ఏడుపు వచ్చింది. ఉడికిన పెండలం ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నాం. ఒంటరిగా ఉండటానికి ఇంత దూరం వచ్చి, సాయంత్రం దాకా ఒక కొత్త మనిషితో మాట్లాడుతూనే ఉన్నాను. శాఖ దీన్ని ఏ పద్దులో వేస్తుందో నాకు తెలియదు.

పొద్దు వాలే ముందు ఆవిడ మేకలను తోలుకుని నాతో చీలిక దాకా వచ్చింది. తోడుగా వస్తాననలేదు.

"వాగు దాటాక సత్రం ఉంటది. చీకటి పడకుండా చేరుకుంటావు" అని వెనక్కి తిరిగింది.

సత్రం అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కళ్ళు వాచిపోయాయి, మడమ మండుతోంది. ఆయన గురించి ఆలోచించాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, ఇవాళ రెండు మూడే అయ్యాయి. రేపు కూడా ఏడుస్తాననుకుంటాను. దారి ఇంకా పది రోజులుంది.